బొగ్గు పెళ్లలో ఖండాల కథ

సంపాదకునికి,

సింగరేణి అంటే పత్రికల్లో టన్నులు, లాభాలు, బోనస్సే. ఆ బొగ్గు చెప్పే కథ ఎవరికీ పట్టదు. మా అల్మారాలో ఇల్లెందు పెళ్ల ఒకటుంది: ఒక చార నిగనిగలాడుతుంది, పక్కది మసక. మెరిసే చార ఎంత కాంతిని వెనక్కి పంపుతుందో కొలిస్తే, ఆ పొర భూమిలో ఎంత వేడికి ఉడికిందో, దాన్నిబట్టి ఎంత లోతుకు దిగిందో అంచనా కట్టవచ్చు. బొగ్గులో గంధకం తక్కువైతే సాధారణంగా అది పుట్టింది మంచినీటి చిత్తడిలో. బొగ్గులో కలిసిన క్వార్ట్జ్ (ఇసుకలో ఉండే ఖనిజం), బంకమన్ను ఏ కొండలు అరిగాయో చెబుతాయి. ఇదంతా 25 కోట్ల ఏళ్ల పైమాటే! గోదావరి లోయ చీలి కుంగుతున్నప్పుడు మన నేల అంటార్కిటికాకు అతుక్కునే ఉన్నాం. మన బొగ్గు పొరల్లో కనిపించే గ్లోసోప్టెరిస్ (ఎప్పుడో అంతరించిన చెట్టు) ఆకు ముద్రలే అక్కడి బొగ్గు పొరల్లోనూ ఉన్నాయి. ఈ కథ పిల్లలకు తెలియాలంటే, బోర్లు వేసి పైకి తీసిన బొగ్గు, రాతి నమూనాలను పరీక్షలు ముగిశాక గనుల జిల్లాల బడులకు ఇవ్వాలి.

– ఒక పాఠకుడు, ఖమ్మం