అమ్మ మాట్లాడిన భాషనే రాయండి

సంపాదకులకు,

సవర గిరిజనుల గురించి వచ్చే వార్తల్లో ‘సవర యాస’, ‘లిపి లేని మాండలికం’ అన్న మాటలు తరచూ కనిపిస్తున్నాయి. రెండూ తప్పే. సవర తెలుగుకు యాస కాదు, అసలు ద్రావిడ భాషే కాదు. సంతాలీ, ముండారీలతో పాటు ముండా శాఖలోది. లెక్క వింటేనే తేడా తెలుస్తుంది: పన్నెండు ‘మిగ్గల్’, ఏడు ‘గుల్జి’, పంతొమ్మిది ‘మిగ్గల్‌గుల్జి’. అంటే పన్నెండు మీద ఏడు. పది మీద కాకుండా పన్నెండు మీద ఎక్కుతూ పోయి, ఇరవై దగ్గర మళ్లీ మొదలుపెట్టే లెక్క ఇది. లిపి సంగతికొస్తే, 1936లో మంగెయ్ గొమాంగో ‘సొరాంగ్ సొంపెంగ్’ అక్షరాలు రూపొందించారు. మన వైపు బడి పుస్తకాలు తెలుగు లిపిలో వచ్చాయి. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారిని ఏటా ఆగస్టు 29న తలుచుకుంటాం. ఆయనే పర్లాకిమిడిలో సవర నేర్చుకుని, 1931లో ఆ భాషకు వ్యాకరణ గ్రంథం, 1938లో నిఘంటువు తెచ్చారని ఆ రోజైనా గట్టిగా చెప్పాలి.

ఇప్పుడే ఈ మాట ఎత్తడానికి కారణం 2027 ఫిబ్రవరిలో జరగబోయే జనాభా లెక్కలు. 2011లో దేశం మొత్తం మీద సవర మాతృభాషగా నమోదైనవారు నాలుగు లక్షలకు పైగా ఉన్నారు, ఎక్కువ మంది ఒడిశాలోనే. సీతంపేట, భామిని, కురుపాం వైపు లెక్క తప్పడానికి ఒక చిన్న ప్రశ్న చాలు. లెక్కలు రాయడానికి వచ్చినాయన తెలుగులో ‘ఏ భాష వచ్చు?’ అంటాడు, ఇంటాయన తెలుగులోనే ‘తెలుగు వచ్చు’ అంటాడు, మాతృభాష గడిలో తెలుగు పడిపోతుంది. అడగాల్సింది ‘చిన్నప్పుడు మీ అమ్మ మీతో ఏ భాషలో మాట్లాడేది?’ అని. మాతృభాషకు జనగణన ఇచ్చే నిర్వచనం అదే. తెలుగు, ఒడియా రాయడానికి పక్కన ‘తెలిసిన ఇతర భాషలు’ అనే గడి ఉంది, అందులో రెండు రాయవచ్చు.

ఇంకో పొరపాటు మరీ నష్టం చేస్తుంది. ‘కొండ భాష’ అని రాస్తే అది సవర ఖాతాలోకి రాదు. కొండ అనేది కొండదొరలు మాట్లాడే వేరే భాష, ద్రావిడ కుటుంబానిది, లెక్కల్లో అది ‘కొండ’ పేరుతోనే విడిగా ఉంది. ‘గిరిజన భాష’ అని రాస్తే ఎవరి ఖాతాలోకీ పోదు. సొర అని తమను తాము పిలుచుకున్నా, పట్టికల్లో ఉన్న ‘సవర’ అనే పేరు చెప్పడమే మంచిది. తెగ గడీ భాష గడీ వేర్వేరు. తెగ సవర అని రాశాం కదా అని భాష గడి దానంతట అది నిండదు. జాతాపు అనే వేరే తెగ కోడలున్న ఇంట్లో యజమాని భాషనే కిందివరకూ దింపకూడదు, ఒక్కొక్కరినీ విడిగా అడగాలి.

పైగా ఫిబ్రవరి కొండచీపుర్లు కోసే కాలం, చింతపండు పనీ అప్పుడే మొదలవుతుంది. పగలు గూడల్లో ముసలివాళ్లు, పిల్లలు తప్ప ఉండరు. పక్కింటివాళ్లను అడిగి పూర్తిచేసే ఫారాల్లోనే భాష గడి ఎక్కువగా తప్పుతుంది. సాయంత్రం పొయ్యి వెలిగించే వేళకు వెళ్లి అడగాలని శిక్షణలోనే సిబ్బందికి చెప్పాలి.

– సవర భాషా ఉపాధ్యాయులు,
సీతంపేట, పార్వతీపురం మన్యం జిల్లా