క్రియాటినిన్ ఒక్కటే చూసి పంపించేస్తే ఎలాగండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

అవయవదానం మీద మీ పేపర్లో చాలాసార్లు రాశారు, చదివాను, మంచిదే. కానీ కిడ్నీ మార్చుకుని ఇంటికొచ్చిన మనిషికి ఆ తర్వాత ఏమవుతుందో ఎవరూ రాయరు, అందుకే ఈ ఉత్తరం.

మా ఆయనకి కిడ్నీ మార్చి మూడేళ్లయింది. అంతకుముందు డయాలసిస్ రోజుల్లో హిమోగ్లోబిన్ 8 దాటేది కాదు, ఎరిత్రోపోయెటిన్ ఇంజెక్షన్లు చేయించుకుంటూనే ఉండాలి. ఎర్ర కణాలు తయారు చెయ్యమని ఎముకల్లోని మూలుగకి చెప్పే హార్మోన్ అది, దాదాపు 90 శాతం కిడ్నీల్లోనే పుడుతుంది కాబట్టి కిడ్నీ పోతే రక్తమూ పోయినట్టే. కొత్త కిడ్నీ పెట్టాక మూడు నెలల్లో హిమోగ్లోబిన్ 13 దాటింది, ఇంజెక్షన్లు ఆపేశారు, హమ్మయ్య ఇంక ఆ గోల వదిలింది అనుకున్నాం. ఏడాది తిరక్కుండానే మళ్ళీ మెట్లెక్కితే ఆయాసం, టెస్ట్ చేయిస్తే 9.4. క్రియాటినిన్, అంటే కిడ్నీ ఎంత బాగా వడపోస్తోందో చెప్పే రక్తపరీక్ష అంకె, మాత్రం 1.2, చక్కగా ఉంది. చెకప్‌కి వెళ్ళినప్పుడల్లా ఆ ఒక్క అంకె చూసి "కిడ్నీ బాగుంది, వెళ్ళండి" అనేవాళ్ళు, మరి రక్తం సంగతేంటండీ అని నేనడిగితే ఐరన్ మాత్ర రాసిచ్చారు, నాలుగు నెలలు వేసుకున్నారు, చుక్క పెరగలేదు.

చివరికి ఇంకో డాక్టర్ గారు మందుల చీటీ అంతా ముందు పెట్టుకుని కూర్చున్నారు. కొత్త కిడ్నీని ఒళ్ళు తోసెయ్యకుండా వాడే మందులే రక్తం తగ్గడానికి కారణం కావచ్చని అప్పుడే మొదటిసారి విన్నాం. వాటిలో ఒకటి మా ఆయన వాడే మైకోఫినోలేట్, అది చేసే పనేంటంటే, కొత్త కణం పుట్టాలంటే కావలసిన ప్యూరిన్ అనే సరుకుని తయారవ్వనివ్వదు. దాని గురి కొత్త కిడ్నీ మీద దాడి చేసే లింఫోసైట్లనే తెల్ల కణాల మీదే, కానీ రోజుకి 20 వేల కోట్ల ఎర్ర కణాలు తయారుచేసే మూలుగకి ఆ దెబ్బ తగలకుండా ఎలా ఉంటుంది? పాత మందు అజాథయోప్రిన్‌దీ అదే దారి, పైగా అది వాడేవాళ్ళకి యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్ కూడా ఎవరైనా చూసుకోకుండా రాసేస్తే మందు ఒంట్లో పేరుకుపోయి మూలుగ పూర్తిగా పడకేస్తుంది, ఇది చాలా ప్రమాదం. అదే పనికిచ్చే సిరోలిమస్, ఎవెరోలిమస్ వాడేవాళ్ళలో ఇంకో తిరకాసు, ఒంట్లో ఐరన్ సరిపడా ఉన్నా ఎర్ర కణాలు చిన్నవైపోతాయి, రిపోర్ట్ చూస్తే అచ్చం ఐరన్ లోపంలాగే ఉంటుంది. టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ అనే మందులు కూడా ఆ కోవవే, మూలుగని అంతగా ముట్టుకోవు గానీ అరుదుగా సన్న రక్తనాళాలని పాడుచేసి అందులోంచి వెళ్ళే ఎర్ర కణాలని చీల్చేస్తాయి, అది ఎమర్జెన్సీ. ఇవన్నీ కాక రోగనిరోధక శక్తి తగ్గించి ఉంచుతారు కదా, పార్వోవైరస్ బి19 అనేది మూలుగలో తిష్టవేసి ఎర్ర కణాలని పుట్టే దశలోనే చంపేస్తుంది, మామూలు మనిషికైతే అది వచ్చిపోయింది కూడా తెలీదు.

మా ఆయన విషయంలో వైరస్ లేదని తేలింది, రెటిక్యులోసైట్ కౌంట్, అంటే అప్పుడే పుట్టిన ఎర్ర కణాల లెక్క, తక్కువ ఉంది, అంటే రక్తం ఎక్కడికో పోవట్లేదు, తయారవ్వడమే తగ్గింది. మైకోఫినోలేట్ డోసు కొంచెం తగ్గించి, బీపీకి వాడుతున్న లోసార్టాన్ మార్చారు. ఈ లోసార్టాన్ కథ వింతగా అనిపించింది నాకు, కిడ్నీ మార్పిడి తర్వాత కొంతమందికి రక్తం ఎక్కువైపోయి హిమోగ్లోబిన్ 17 దాటుతుందట, దాన్ని దించడానికి ఇచ్చేదీ ఇదే మాత్రట! ఒకరికి వైద్యం అయిన గుణమే మా ఇంట్లో నీరసానికి ఒక చెయ్యి వేసింది.

ఇది చదివి ఎవరూ సొంతంగా మాత్రలు ఆపెయ్యకండి దయచేసి, రిజెక్షన్ వస్తే కిడ్నీయే పోతుంది, డోసు తగ్గించాక మాకు కూడా క్రియాటినిన్ టెస్టులు మామూలు కంటే ఎక్కువసార్లే చేయించారు. రక్తం తగ్గింది కదా అని ఊరికే ఎక్కించేసుకోవడం కూడా మంచిది కాదట, పరాయి కణాల మీద దాడి చేసే యాంటీబాడీలు ఒంట్లో పుడితే ఉన్న కిడ్నీకీ ముప్పు, రేపు ఇంకో కిడ్నీ కావాల్సొస్తే దొరకడమూ కష్టం.

నేననేది ఒకటే, డాక్టర్లు చెకప్‌లో క్రియాటినిన్ పక్కనే హిమోగ్లోబిన్ కూడా చూడాలి, మగవాళ్ళకి 13 కంటే ఆడవాళ్ళకి 12 కంటే తగ్గితే ఎందుకు తగ్గిందో వెతకాలి, ఐరన్ మాత్ర రాసేసి పంపడం కాదు. కిడ్నీ మార్చుకున్నవాళ్ళలో రక్తహీనత మూడోవంతు మందిదాకా ఉంటుందంటున్నారు, ఇదేమీ అరుదైన జబ్బు కాదు కదా.

మీ హెల్త్ పేజీలో ఒక నెఫ్రాలజిస్ట్ (కిడ్నీ డాక్టర్) చేత దీని మీద వ్యాసం రాయించండి. ఏ మందుతో ఏ మందు కలవకూడదో తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక డబ్బా కట్టి వెయ్యండి, కత్తిరించి మందుల పెట్టె మూతకి అంటించుకుంటాం. మా ఆయన హిమోగ్లోబిన్ మొన్నటి టెస్టులో 12.1, ఇంకా 13 రాలేదు.

ఇట్లు,
మీ పాఠకురాలు