పైన్ అడవిలో నెగడు వేసే ముందు

సంపాదకులకు నమస్కారములు.

అయ్యా,

కార్తీకం మొదలుకొని సంక్రాంతి సెలవులు ముగిసేవరకు మన ఇచ్ఛాపురం, సోంపేట, పలాస ప్రాంతాల యువకులు బరంపురం మీదుగా ఒడిశాలోని కంధమాల్ జిల్లా దారింగ్‌బాడికి వెళ్లడం కొన్నేళ్లుగా చూస్తున్నాను. వారిలో కొందరు లాడ్జీ గదుల జోలికి పోకుండా, కుళాయి, కరెంటు, మరుగుదొడ్డి ఏవీ లేనిచోట, పైన్ చెట్ల నడుమ వాగు ఒడ్డున గుడారం వేసుకుంటున్నారు. ఇది మంచి అలవాటని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను. అయితే ఏ సౌకర్యమూ లేనిచోట బస చేసేవారికి ఆ చోటును గురించిన జ్ఞానం తప్పనిసరి. అది లేకపోతే ఏమవుతుందో గత పుష్యమాసంలో మా మేనల్లుడితో, అతని స్నేహితులతో కలిసి వెళ్లినప్పుడు కళ్లారా చూశాను కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మేము అటవీ సిబ్బందిని అడిగి, వారు చూపిన చోటనే దిగాము. మాకు కొంత ఎగువన దిగిన మరో బృందం చెట్టు మొదట్లోనే, రాలిన ఆకుల మీద పెద్ద నెగడు వేసి, తెల్లవారి ఒక సీసా నీళ్లు చల్లి వెళ్లిపోయింది. గంట తరువాత చూస్తే, బూడిదకు మూరెడు దూరంలో నేలలోంచి పొగ వస్తోంది. వంటగిన్నెలతో వాగు నీళ్లు మోసి, నేలను తవ్వి, తడిపి, మళ్లీ తవ్వి ఆర్పేసరికి పొద్దెక్కింది.

మన సముద్రతీరంలోని సరుగుడును చూసి పైన్ అంటే అదేననుకునేవారు ఉన్నారు. రెండూ వేరు. సరుగుడులో సూదుల్లా కనిపించేవి నిజానికి సన్నని రెమ్మలు. పైన్‌లో అవి ఆకులే, పైగా జిగురు నిండినవి. అవి త్వరగా కుళ్లవు. ఏళ్ల తరబడి రాలి పరుపులా పేరుకుపోయిన ఆ పొరలో నిప్పు పైకి కనబడకుండా లోలోపల రాజుకుంటూ వేళ్లను పట్టుకొని పాకుతుంది, గాలి తగిలినప్పుడు ఇంకెక్కడో మంటగా లేస్తుంది. ఉత్తరాఖండ్‌లో వేసవి కార్చిచ్చులకు ఈ ఆకులే ఆజ్యం పోస్తున్నాయి. అక్కడ వాటిని పిరుల్ అంటారు. 2024లో అక్కడి ప్రభుత్వం గ్రామస్థుల చేత వాటిని ఏరించి డబ్బిచ్చి కొనే పథకమే పెట్టింది. అందువల్ల పైన్ నీడలో నెగడు వేయకపోవడమే ఉత్తమం. వంటకు చిన్న గ్యాసు పొయ్యి చాలు. నెగడు తప్పదనుకుంటే, అనుమతి ఉన్నచోట, ఆకులు లేని ఇసుక మీదనో రాళ్ల మీదనో చిన్నగా వేసుకొని, పోయేముందు నీళ్లు పోసి కలియబెట్టి, చేత్తో తాకితే చల్లగా తగిలేదాకా ఆర్పాలి.

బహిర్భూమి సంగతి రాయడానికి సంకోచించనక్కరలేదు. నీటికి కనీసం 200 అడుగుల దూరంలో, జానెడుకు కాస్త తక్కువ లోతున గొయ్యి తీసి, పని అయ్యాక మట్టితో కప్పాలి. అంతకంటే లోతైతే మలాన్ని మట్టిగా మార్చే సూక్ష్మజీవులు తక్కువ, అంతకంటే పైనైతే వానకు కొట్టుకుపోతుంది. సబ్బు వాగులో కలపకూడదు. నీళ్లు దూరంగా తెచ్చుకొని అక్కడే గిన్నెలు కడుక్కోవాలి. దారింగ్‌బాడి కొండలు రుషికుల్యకు పుట్టిల్లు, ఆ నది సముద్రంలో కలిసేచోట ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. వాగు నీటినే తాగవలసివస్తే కనీసం ఒక నిమిషం తెర్లనివ్వాలి. మన తాతల వనభోజనాలలో విస్తరాకులు మట్టిలో కలిసిపోయేవి, ఇప్పటి ప్లాస్టిక్ పళ్లాలు కలవవు. తెచ్చినదంతా తిరిగి తీసుకుపోవాలి.

వాగు ఒడ్డున ఇసుక మెత్తగా ఉందని అక్కడే పడుకోవడం అన్నిటికంటే ప్రమాదం. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో దిగిన మన హైదరాబాద్ విద్యార్థులు 24 మంది, ఎగువ ఆనకట్ట వదిలిన నీటికి కొట్టుకుపోయిన సంగతి ఎవరూ మరువలేదు. వంశధార, నాగావళి ఒడిశా కొండల్లో పుట్టి మన దగ్గరికి వస్తాయి కనుక, ఇక్కడ చుక్క వాన లేకుండానే వరద వస్తుందని ఈ జిల్లాలవారికి వేరే చెప్పనక్కరలేదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వేళ వంశధార, మహేంద్రతనయ ఎలా పొంగాయో చూసినవారమే. పొదలకు చిక్కుకున్న చెత్త వరద ఎంత ఎత్తుకు వచ్చిందో చెబుతుంది. గుడారం దానికి పైననే వేయాలి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పర్యాటక, అటవీ అధికారులకు నా విన్నపం ఒక్కటే. నదీతీరాలలో గుడారాలకు అనుమతి ఇచ్చేటప్పుడు దయచేసి అక్కడ కాంక్రీటు గదులు, రంగుదీపాలు పెట్టవద్దు. రాత్రికి ఇన్ని గుడారాలే అని పరిమితి పెట్టి, చెత్త తిరిగి తెచ్చినవారికి వాపసు ఇచ్చేలా కొంత సొమ్ము జమ కట్టించుకొని, బయలుదేరేముందు అరగంట శిక్షణ తప్పనిసరి చేయాలి. గోస్తనిపై ఉన్న తాటిపూడి జలాశయం నీరు విశాఖ ప్రజలు తాగుతున్నారు కనుక అక్కడ ఈ నియమాలు మరింత కఠినంగా ఉండాలి. కళాశాలల ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌సీసీ విభాగాలు ఈ శిక్షణను ఒక పూట పాఠంగా చేపడితే, సోంపేట చుట్టుపక్కల ఎక్కడికైనా నా ఖర్చులతో వచ్చి, పార పట్టి గొయ్యి తీయడం నుంచి నెగడు ఆర్పడం దాకా నేర్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
సోంపేట, శ్రీకాకుళం జిల్లా.