అచ్చుకు ముందు ఒక పాఠకుడు

సంపాదకులకు నమస్కారం.

కథలు, నవలలు రాసే మా కోనసీమ యువత రాతప్రతులను అచ్చుకు వెళ్లకముందే చదివి, అభిప్రాయం రాసి ఇచ్చే పనిని ఉద్యోగ విరమణ తరువాత ఉచితంగా చేస్తున్నాను. ఇటీవల చదివిన ఒక నవలలో కథాకాలం 1840. నాయకుడు ధవళేశ్వరం నుంచి కాలువ మీద పడవలో అమలాపురం వస్తాడు. ఆ కాలువలకు నీరిచ్చే ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైనది 1847లో, పూర్తయినది 1852లో కాబట్టి, ఆ ప్రయాణం గోదావరి పాయ మీదనే సాగి ఉండాలని అంచున పెన్సిలుతో రాశాను. రచయిత్రి రెండు అధ్యాయాలు తిరగరాసి, రేవులను, ఎదురుగాలిని, తెరచాపను కథలోకి తెచ్చారు. ఇప్పుడు నవలకు ఆ భాగమే ప్రాణమని నా నమ్మకం.

ప్రూఫులు దిద్దడం వేరు, ఇది వేరు. ఎక్కడ విసుగు పుట్టింది, ఏ పాత్ర మాట కృతకంగా వినిపించింది, ఏ పేరా రెండోసారి చదవవలసి వచ్చింది అన్నది పాఠకుడు పేజీ సంఖ్యతో సహా నిజాయతీగా చెప్పాలి. రచయితకు బదులు తాను రాయకూడదు. తొలినాళ్లలో నేను ఒకరి యాసను గ్రాంథికంగా దిద్ది నొప్పించాను, అది ఇప్పటికీ బాధే. ప్రతిని మరొకరికి చూపకూడదు.

బంధుమిత్రులు మొహమాటంతో బాగుందనే అంటారు. అందుకే అమలాపురం, రాజోలు, నరసాపురం, భీమవరం గ్రంథాలయాలలో ఇటువంటి పాఠకుల పేర్లు నమోదు చేసే పుస్తకం ఒకటి ఉంచాలని అధికారులను కోరుతున్నాను. వరిసాగు, చేపల వేట, కొబ్బరి దింపు తెలిసినవారు కూడా పేరు ఇస్తే మరీ మేలు.

భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
అమలాపురం