కోరిన నంబరు నోటుకు బదులు మరో నోటు పంపినందుకు ఫిర్యాదు

విశాఖపట్నం

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: 482284 నంబరు గల పది రూపాయల స్టార్ నోటుకు బదులు 482294 నంబరు నోటు పంపడం గురించి.

అయ్యా,

మీ వెబ్‌సైటులోని ఫ్యాన్సీ నంబర్ల విభాగంలో, ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటే అయ్యే 482284 నంబరుతో ఉన్న పది రూపాయల స్టార్ నోటు (నంబరులో నక్షత్రం గుర్తు ఉన్న నోటు) ఫొటో చూసి, రూ.1,200 చెల్లించి ఆర్డరు పెట్టాను. గత వారం అందిన కవరులో వెనుకవైపు అదే 2006 సంవత్సరం, ముందువైపు అదే వై.వి.రెడ్డి గారి సంతకం ఉన్న స్టార్ నోటే వచ్చింది గానీ, దాని నంబరు 482294. ఐదో అంకె ఎనిమిదికి బదులు తొమ్మిది కావడంతో, నేను డబ్బు పెట్టి కొన్న విశేషమే అందులో లేకుండా పోయింది.

ఫోను చేస్తే మీ ప్రతినిధి, విలువ ఒకటే, సంవత్సరం ఒకటే, ఫొటో కేవలం నమూనా కోసం పెట్టినదని సమాధానం చెప్పారు. విలువ ఒకటేనన్నది నిజమే. స్టార్ గుర్తు ఉన్న నోటు ఇతర నోట్లతో సమానంగా చెల్లుతుందని రిజర్వు బ్యాంకు 2023 జూలైలో మరోసారి స్పష్టం చేసింది కూడా. అయితే పూర్ణా మార్కెట్‌లో కూరగాయలకు ఇచ్చుకోవడానికైతే పది రూపాయల నోటును ఎవరూ పన్నెండు వందలు పోసి కొనరు. అచ్చులో చెడిపోయిన నోట్ల స్థానంలో కట్టలోకి చేర్చే ఈ స్టార్ నోట్లు 2006లో పది, ఇరవై, యాభై రూపాయల్లో మొదలయ్యాయి. వెతికితే నేటికీ మామూలు ధరకే దొరుకుతాయి. అటువంటి నోటుకు రాడార్ నంబరు, అంటే ఎటు నుంచి చదివినా ఒకటే అయ్యే నంబరు, కూడా కలిసినప్పుడే మాలాంటి సేకర్తలు అదనంగా చెల్లిస్తారు. నంబరునే సరుకుగా అమ్ముతూ దాని ఫొటోను నమూనా అనడం ఏ విధంగానూ సమంజసం కాదు.

పైగా 'చలామణిలోకి రాని నోటు' అని మీరు రాసిన వివరణకు విరుద్ధంగా, వచ్చిన నోటును మధ్యకు మడిచి చిన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టారు. గాంధీ గారి బొమ్మ పక్కనుంచి పై అంచు వరకు పడిన ఆ మడత వెలుతురులో ఏటవాలుగా పట్టుకుంటే తెల్లగీతలా కనిపిస్తోంది. ఇస్త్రీ చేస్తే పోతుందని మీ ప్రతినిధి ఇచ్చిన సలహా మరీ విడ్డూరం. అలా నొక్కితే నోటు కాగితానికి ఉన్న సహజమైన పెళపెళ పోతుందని నోట్ల వ్యాపారంలో ఉన్నవారికి నేను చెప్పవలసి రావడం బాధాకరం.

అసలు నోటు అమ్ముడుపోయిందని మీరంటున్నారు. కానీ ఈ లేఖ రాసే సమయానికి అదే ఫొటో, అదే నంబరుతో, రూ.1,800 ధరకు మీ సైటులో కనిపిస్తూనే ఉంది. ఆ పేజీ స్క్రీన్‌షాటు, ఇన్వాయిస్, అందిన నోటుకు రెండువైపులా తీసిన ఫొటోలు జతపరుస్తున్నాను.

కాబట్టి 482284 నోటును మడత పడకుండా, రెండు గట్టి అట్టల మధ్య పెట్టి పంపండి. అది సాధ్యం కాకపోతే కొరియరు ఖర్చులతో సహా నా సొమ్ము వాపసు చేయండి. ప్రకటించిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోబోమనడానికి 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు ఒప్పుకోవు. ఫిర్యాదును నెలలోపు పరిష్కరించాలని కూడా అవే చెబుతున్నాయి. ఆ గడువు దాటితే విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేస్తాను.

మీరు పంపిన నోటును అందిన స్థితిలోనే భద్రపరిచాను. మీ ఖర్చుతో మనిషిని పంపితే రసీదు తీసుకుని అప్పగిస్తాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు