సంతకం కుదరని పిల్లలకు మూడు రోజుల శిక్షణా?

సంపాదకులు గారికి నమస్కారం.

ఇంజినీరింగులో చేరే మన పిల్లలకు సాఫ్ట్ స్కిల్స్ లేవని, అందుకని కాలేజీలు మొదట్లోనే మూడు రోజుల శిక్షణ పెడుతున్నాయని పోయిన వారం మీ బెంగళూరు పేజీలో వేశారు. చదివినప్పటి నుంచీ మనసు ఊరుకోక ఇవాళ రాస్తున్నాను. మాది కదిరి. పదహారేళ్లుగా మారతహళ్లిలో అబ్బాయిల పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్) నడుపుతున్నాం. కడప, నెల్లూరు, మదనపల్లె, కర్నూలు వైపు నుంచి ఏటా పెట్టేబేడాతో దిగే పిల్లల్ని కాలేజీ వాళ్లకంటే ముందు చూసేది మేమే.

సాఫ్ట్ స్కిల్స్ అంటే ఇంగ్లిష్ మాట్లాడటం, టై కట్టుకోవడం, ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలో తెలియడం అన్నట్టుంది ఆ వార్త. ఈ పిల్లలకు కొరవడింది అది కాదండీ.

పోయినేడు ఒక అబ్బాయి చేరాడు. ఇంటర్‌లో వెయ్యికి 970 దాటిన మార్కులు. సంతకాలు కలవలేదని బ్యాంకు వాళ్లు అతని ఖాతా ఫారం రెండుసార్లు తిప్పి పంపారు. రాత్రి భోజనాలయ్యాక హాల్లో కూర్చుని పాత పేపరు అంచుల మీద సంతకం పెట్టి చూసుకుంటున్నాడు. ఒకటి పొడుగ్గా, ఒకటి వంకరగా, ఏ రెండూ ఒకేలా లేవు. "ఎప్పుడూ నాన్నే పెట్టేవాడు ఆంటీ" అన్నాడు. ఆ పిల్లాడే సెప్టెంబరులో మూడు రోజులు జ్వరంతో దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాడు, పక్క మంచం వాడికి కూడా చెప్పలేదు. పళ్లెం వెనక్కి రావడం చూసి నేనే పైకెళ్లాను. ఒళ్లు కాలిపోతోంది. ఎందుకు చెప్పలేదురా అంటే, "ఎవరికి చెప్పాలో తెలియలేదు ఆంటీ, ఇంటర్ హాస్టల్లో అయితే వార్డెన్ సారే వచ్చి చూసేవారు" అన్నాడు. వాడికి పద్దెనిమిదేళ్లు నిండి, ఓటు హక్కు కూడా వచ్చింది.

ఇంకొకడు సిల్క్ బోర్డుకు పోవడానికి 500డి బస్సు ఎక్కాలని తెలిసీ, స్టాపులో నిలబడి నాకు ఫోన్ చేస్తాడు. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు. తలకట్టు దగ్గర కొంచెం తేడా, నిలబడి నిదానంగా చూస్తే సగం బోర్డు చదవొచ్చు. చదవకపోయినా పక్కనున్న పెద్దాయన్ని అడగొచ్చు. ఆ అడగడమే వీళ్లకు చేతకావడం లేదు. తప్పుగా అడిగితే నవ్వుతారేమోనని భయం.

ఇది పిల్లల తప్పని నేను అనను. ఇంటర్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీల్లో తెల్లవారుజామున లేచి రాత్రి పది దాకా స్టడీ అవర్స్ అని వీళ్లే చెబుతారు. ఆట లేదు, లైబ్రరీ లేదు, బజారుకెళ్లి సబ్బు కొనుక్కునే పని కూడా లేదు. నెలకో ఆదివారం అమ్మానాన్నలు వచ్చి చూసి వెళ్లాలి. నోరు విప్పితే క్రమశిక్షణ తప్పినట్టు. రెండేళ్లు నోరు మూయించి, మూడో ఏడు మైకు చేతికిచ్చి మాట్లాడమంటే ఎలా మాట్లాడతారు? ఈ కాలేజీల ఒత్తిడి మీద, పిల్లల ఆత్మహత్యల మీద 2001లో నీరదారెడ్డి కమిటీ వేశారు, 2017లో చక్రపాణి కమిటీ వేశారు. అధికారులు మారారు, ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రమే రెండైంది. ర్యాంకుల ఫొటోల హోర్డింగులు మాత్రం ఏటికేడు పెరుగుతూనే ఉన్నాయి, మీ పత్రికలో మొదటి పేజీ ప్రకటనలతో సహా. ఈ మాట కోసేయకుండా వేయమని కోరుతున్నాను.

2024 మార్చిలో బెంగళూరులో నీళ్లకు కటకటలాడిన సంగతి అందరికీ తెలుసు. మాకూ ట్యాంకరు రెండు రోజులకోసారి వచ్చేది. స్నానాలకు వంతులు మీరే వేసుకోండి అని పిల్లలకు వదిలేశాను. పొద్దున చూస్తే బకెట్లు పట్టుకుని వరండాలో నిలబడి ఉన్నారు, నేనొచ్చి చెప్పాలని. చివరికి ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చదివొచ్చిన ఒక కుర్రాడు నోటుపుస్తకం కాగితం చించి వంతుల పట్టీ రాశాడు. ఎవరికి ఎనిమిదింటికి క్లాసుందో అందరినీ అడిగి మరీ రాశాడు. వాళ్లింట్లో పాల వ్యాపారం, ఎనిమిదో తరగతి నుంచీ లెక్క వాడిదే. ఇంగ్లిష్ తడబడుతుందని వాడిని కాలేజీలో సాఫ్ట్ స్కిల్స్ బలహీనుల జాబితాలో వేశారు.

ఇక ఆ మూడు రోజుల సంగతి. కొత్త పిల్లలకు మూడు వారాల ఇండక్షన్, అంటే కాలేజీకి అలవాటు చేసే శిక్షణ, జరపాలని సాంకేతిక విద్యను చూసే జాతీయ మండలి ఏఐసీటీఈయే చెప్పింది. అందులో ఆటలున్నాయి, కళలున్నాయి, మానవ విలువల మీద చర్చలున్నాయి, చుట్టుపక్కల ఊరు చూపించడమూ ఉంది. విశ్వవిద్యాలయాలను చూసే యూజీసీ 2019లో దీక్షారంభ్ పేరుతో ఇలాంటిదే అన్ని కాలేజీలకూ చెప్పింది. జీవన్ కౌశల్ అని జీవన నైపుణ్యాల పాఠ్యప్రణాళిక కూడా ఇచ్చింది. మా పిల్లలు చేరిన ఒక కాలేజీలో ఆ ఇండక్షన్‌ని మూడు రోజులకు కుదించి, ఆడిటోరియంలో మూడొందల మందిని కూర్చోబెట్టి స్లైడ్లు చూపించి పంపారు. దానికి విడిగా ఎనిమిది వేలు కట్టించుకున్నారు. మూడు వారాలు ఏమయ్యాయని అడిగే అధికారి లేడు. మీ విలేకరులైనా ఒక్కో కాలేజీకి వెళ్లి, ఇండక్షన్ ఎన్ని రోజులు జరిపారు, పిల్లల్ని ఊళ్లోకి తీసుకెళ్లారా అని అడిగి రాయండి. అక్కడ ఆంధ్రాలో ఇంటర్ బోర్డునూ అడగండి, సాయంత్రం గంట ఆట ఏ కాలేజీలో ఉందో.

తల్లిదండ్రులకూ ఒక మాట. ఈ ఏడాది నుంచి మా చేరిక ఫారం పిల్లాడి చేతికే ఇస్తున్నాను. మొన్న ఆదివారం ఒక తండ్రి, "వాడికి తెలీదమ్మా, నేను రాస్తా" అని చెయ్యి చాచారు. ఇవ్వలేదు. ఇరవై నిమిషాలు పట్టింది, పిన్‌కోడు రెండుసార్లు కొట్టేశాడు, కానీ వాడే నింపాడు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మారతహళ్లి, బెంగళూరు.