డ్రెస్డెన్ నుంచి లుబ్లియానా దాకా మమ్మల్ని చేర్చినవాళ్లకి

ఈ వేసవి సెలవుల్లో నేనూ నా రూమ్‌మేటూ జర్మనీలోని డ్రెస్డెన్ నుంచి స్లోవేనియా రాజధాని లుబ్లియానా దాకా దారి పొడవునా లిఫ్టులు అడుగుతూ వెళ్లాం. పోలండ్, చెక్, ఆస్ట్రియా మీదుగా. మమ్మల్ని ఎక్కించుకున్నవాళ్లలో ఒక్కరు కూడా పైసా తీసుకోలేదు. కాఫీ డబ్బులైనా ఇద్దామంటే మాకే కాఫీ కొనిచ్చారు. వాళ్లెవరికీ తెలుగు రాదు, ఈ పోస్టు వాళ్ల కంట పడుతుందనే ఆశ కూడా పెద్దగా లేదు. అయినా మనిషి మనిషికీ విడిగా థాంక్స్ చెప్పాలి, అదీ నలుగురిలో చెప్పాలి అనిపించింది. మా గురించి ఇంటి దగ్గర టెన్షన్ పడినవాళ్లకైనా ఆ మనుషుల సంగతి తెలియాలి కదా.

మన దగ్గర లిఫ్ట్ అడగడం కొత్తేం కాదు. ఊరి స్టేజీ దగ్గర నిలబడి చెయ్యి చాపితే ఏదో ఒక బండి ఆగుతుంది. ఆపినాయన మన నాన్ననో బాబాయినో ఎరిగినవాడే అయుంటాడు. ఇక్కడ యూరప్‌లో ఆగేవాళ్లు మన ముఖం ఎప్పుడూ చూసినవాళ్లు కాదు, మళ్లీ చూడబోయేవాళ్లూ కాదు.

ఇంకో తేడా కూడా ఉంది. అది తెలిస్తేనే నేనెందుకు ఇంతగా చెబుతున్నానో అర్థమవుతుంది. ఈ దేశాల్లో మోటార్‌వే మీద మనుషులు నడవకూడదు, నిలబడకూడదు, అక్కడ బండి ఆపించనూ కూడదు. కాబట్టి లిఫ్ట్ దొరికే చోట్లు రెండే: మోటార్‌వే ఎక్కే ముందు రోడ్డు, లేదంటే మోటార్‌వే పక్కనే ఉండే పెట్రోల్ బంకు. మనల్ని ఎక్కించుకున్నాయన రెండొందల కిలోమీటర్లు తీసుకెళ్లి, తన పని ఉన్న ఊరి నడిబొడ్డున దింపితే, మళ్లీ బస్సు పట్టుకుని ఊరి బయటికి రావడానికే సగం పూట పోతుంది. అదే యాభై కిలోమీటర్లే తీసుకెళ్లి మంచి బంకులో దింపితే పావుగంటలో ఇంకో బండి దొరుకుతుంది. ఎక్కించుకోవడం మంచితనమే. దిగాక వీళ్ల పరిస్థితి ఏమిటని ఆలోచించడం అంతకంటే పెద్దది. మాకు దొరికినవాళ్లు దాదాపు అందరూ ఆ రెండోది ఆలోచించారు. నేను ముఖ్యంగా చెప్పుకోవాల్సింది దాని గురించే.

మొదట ఆ పోలండ్ తాతగారు. గోర్లిట్జ్ దగ్గర సరిహద్దు దాటాక ఒక బంకులో ఆయనే మా దగ్గరికి వచ్చి, మా అట్టముక్క మీద రాసుకున్న పోలండ్ నగరం వ్రోత్స్వాఫ్ పేరు చూసి, దాన్ని ఎలా పలకాలో నేర్పించి మరీ కారెక్కించుకున్నారు. ఆయనకి జర్మన్ వచ్చు, మాది వచ్చీరాని జర్మన్. కుర్రతనంలో ఆయన కూడా ఇలాగే దేశమంతా తిరిగారట. అప్పట్లో, కమ్యూనిస్టు ప్రభుత్వ కాలంలో, పోలండ్‌లో లిఫ్ట్ అడగడానికి అధికారికంగా ఒక చిన్న పుస్తకం ఉండేది. 1950ల చివర్లో మొదలుపెట్టారు దాన్ని. పుస్తకం కొనుక్కుంటే అందులో కిలోమీటర్లు రాసిన కూపన్లు ఉంటాయి. రోడ్డు పక్కన నిలబడి ఆ పుస్తకం ఊపాలి. ఎక్కించుకున్న డ్రైవరుకి ఎన్ని కిలోమీటర్లు వెళితే అన్నిటికి కూపన్లు చింపి ఇవ్వాలి. డ్రైవర్లు వాటిని పోగుచేసి పంపితే లాటరీ తీసి బహుమతులు ఇచ్చేవాళ్లు. ఒక దేశంలో లిఫ్ట్ ఇచ్చినవాడికి అధికారికంగా ప్రైజు పెట్టారంటే నాకు ఎంత ముచ్చటేసిందో! "మరి మా దగ్గర కూపన్లు లేవే" అంటే, ఆయన స్టీరింగ్ మీద చేత్తో కొట్టి పెద్దగా నవ్వారు.

ఆయన వెళ్లాల్సింది వ్రోత్స్వాఫ్‌కి ముందే వచ్చే లెగ్నిత్సా. మేం వెళ్తున్న ఏ4 మోటార్‌వేలో ఆ ముక్క పాతది, 1930ల నాటిది. పక్కన బండి ఆపుకోవడానికి అదనపు లేన్ కూడా ఉండదు. లారీల వరస, దాని పక్కన కార్ల వరస, అంతే. లెగ్నిత్సా ఎగ్జిట్ దగ్గర మమ్మల్ని దింపితే ఏమీ దొరకదని ఆయనకి తెలుసు. తన ఎగ్జిట్ దాటించి, ముందున్న బంకు దాకా తీసుకెళ్లారు. మోటార్‌వే మీద వెనక్కి తిరగడం ఉండదు కదా, ఇంకా ముందున్న ఎగ్జిట్ దాకా వెళ్లి, దిగి, అవతలి వైపు ఎక్కి ఇంటికి వెళ్లాలి. ఈ సంగతి మాకు ఆయన చెప్పలేదు, తర్వాత మ్యాప్ చూస్తే తెలిసింది. తాతగారూ, మీ పెట్రోలుకీ మీ మధ్యాహ్నానికీ మా నమస్కారాలు.

ఆ బంకులో కౌంటర్ దగ్గరి అమ్మాయి మా తడిసిపోయిన అట్ట చూసి, చిప్స్ ప్యాకెట్లు వచ్చిన పెట్టె చింపి కొత్త అట్టా, లావుపాటి మార్కరూ ఇచ్చింది. అక్షరాలు ఇంకా పెద్దవిగా రాయమని చెప్పి, వర్షం పడకుండా పైన ప్లాస్టిక్ కవరు కూడా తనే చుట్టింది. ఆమెకీ థాంక్స్.

అదే సాయంత్రం చీకటి పడుతుండగా ఒకాయన ఆగాడు. ఆయన తప్పేమీ లేదు, కానీ మా ఇద్దరికీ ఎందుకో మనసొప్పలేదు. వద్దండీ, కాసేపు ఆగుతాం అన్నాం. ఆయన నొచ్చుకోలేదు, ఎందుకని అడగలేదు. "లైటు ఉన్న చోట నిలబడండి, అటు టైర్లకి గాలి పట్టే మిషన్ దగ్గర అయితే అందరికీ కనిపిస్తారు" అని చూపించి వెళ్లిపోయాడు. ఆడపిల్లలు వద్దన్నప్పుడు అంత మామూలుగా తీసుకున్న ఆ మనిషికి, ఎక్కించుకున్నవాళ్లతో సమానంగా కృతజ్ఞతలు చెబుతున్నాను. ఆ తర్వాత ఒక జంట పోలండ్‌లోనే ఉన్న గ్లివిత్సే దాకా తీసుకెళ్లి హాస్టల్ గుమ్మం ముందు దింపారు. దారంతా వాళ్ల కుక్క మా ఒళ్లోనే నిద్రపోయింది.

శనివారం పొద్దున్నే దొరికిన రుమేనియా లారీ అన్న గురించి ఎంత రాసినా తక్కువే. చాలా కంపెనీలు లారీలో బయటివాళ్లని ఎక్కించుకోవద్దంటాయి, అందుకే ఆయన్ని గుర్తుపట్టే వివరాలేవీ రాయడం లేదు. ఇక్కడి లారీల్లో డ్రైవర్ పక్కన మామూలుగా ఒకటే సీటు ఉంటుంది. ఆ లారీలో రెండు ఉండటం మా అదృష్టం. ఆయనకి ఇటాలియన్ బాగా వచ్చు, జర్మన్ కొంచెం. మిగతా కబుర్లన్నీ ఫోన్లో ట్రాన్స్‌లేటర్ పెట్టుకుని.

లారీ డ్రైవర్ల టైమ్ వాళ్ల చేతిలో ఉండదు. యూరోపియన్ యూనియన్ రూలు ప్రకారం నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆపి తీరాలి. ఎన్ని నిమిషాలు నడిపారో టాకోగ్రాఫ్ అనే మిషన్ రాసుకుంటూ ఉంటుంది. చెక్‌లోని బ్రనో దగ్గర ఆయన బ్రేక్ టైమ్ వచ్చింది. ట్రైలర్ పక్కనున్న పెట్టె తలుపు కిందికి దించితే అదే బల్ల. దాని మీద చిన్న గ్యాస్ పొయ్యి, మసిబారిన ఒక పెనం, ప్లాస్టిక్ డబ్బాలో ఉప్పు, ఎర్ర కారప్పొడి. సాసేజ్ ముక్కలు వేయించడం మొదలుపెట్టాక, నా రూమ్‌మేట్ మాంసం తినదని తెలిసింది. ఆయన వెంటనే పొయ్యి ఆర్పేశారు. సాసేజ్ అంతా పక్కకి తీసి, డబ్బాలోంచి నీళ్లు పోసి పెనం కడిగి, కాగితంతో తుడిచి, మళ్లీ కడిగి, కొత్తగా నూనె పోసి ఆమె కోసం బంగాళదుంపలు వేయించారు. తన 45 నిమిషాల్లో సగం దానికే పోయింది. తను మాత్రం చల్లారిన సాసేజ్ నిలబడే తినేసి బండి ఎక్కారు.

ఆస్ట్రియాలో శనివారం మధ్యాహ్నం మూడింటి నుంచి ఆదివారం రాత్రి పదింటి దాకా పెద్ద లారీలు తిరగకూడదు. వియన్నా దాటాక ఏ2 మోటార్‌వే మీద ఒక రెస్ట్ ఏరియాలో ఆయన బండి పెట్టేసరికి రెండు దాటింది. ఇక మర్నాడు రాత్రి దాకా ఆయన ప్రపంచం ఆ పార్కింగే. ఎవరైనా అయితే ముందు నడుం వాలుస్తారు. ఆయన మాత్రం మా అట్టముక్క చేతిలోకి తీసుకుని, పెట్రోలు కొట్టించుకుంటున్న ఒక్కో కారు దగ్గరికీ వెళ్లి మా కోసం అడగడం మొదలుపెట్టారు. మేం అడుగుతాం, మీరు పడుకోండన్నా వినలేదు. "నాకు ఇద్దరు కూతుళ్లు" అన్నారు, అంతే. చివరికి ఆస్ట్రియాలోనే ఉన్న గ్రాజ్ నగరం వైపు వెళ్లే ఒకావిడ దొరికాక, ఆమెతో రెండు నిమిషాలు మాట్లాడి, తనకి నమ్మకం కుదిరాకే మా బ్యాగులు తెచ్చి ఆ కారులో పెట్టారు. అన్నా, నీ కూతుళ్లు ఏ ఊళ్లో ఏ రోడ్డు మీద నిలబడినా వాళ్లకి నీలాంటి మనిషే ఎదురుపడాలి.

ఆ గ్రాజ్ ఆవిడ కారు ఎక్కే ముందే, "ముందు నా నంబర్ ప్లేటు ఫోటో తీసి మీ ఇంటికి పంపండి, అప్పుడు బయల్దేరదాం" అన్నారు. మేం ప్రతి బండికీ చేసే పనే అది, కానీ మొహమాటంగా, ఎవరూ చూడకుండా చేసేవాళ్లం. ఆవిడ తనంతట తానే చెప్పడంతో గుండెల్లో బరువంతా దిగిపోయింది. అమ్మ ఆ ఫోటో చూసి "ఎవరో గానీ మంచావిడ" అని మెసేజ్ పెట్టింది.

దారిలోనే నా రూమ్‌మేట్‌కి చలి మొదలైంది. గ్రాజ్ చేరేసరికి ఒళ్లు కాలిపోతోంది. మాకు హాస్టల్ బుకింగ్ ఉంది, అక్కడ దింపేస్తే చాలన్నాం. ఆవిడ కారు ఆపి, వెనక్కి తిరిగి ఆమె నుదురు పట్టుకుని చూసి, నేరుగా తన ఇంటికి తీసుకెళ్లారు. ఆస్ట్రియాలో 1450కి ఫోన్ చేస్తే ఆరోగ్య సలహా ఇస్తారు. ఆవిడే చేసి, వాళ్లడిగిన ప్రశ్నలన్నీ మమ్మల్నడిగి జవాబులు చెప్పారు. కంగారు లేదు, జ్వరం తగ్గకపోతే డాక్టర్‌కి చూపించమన్నారు. మర్నాడు ఆదివారం. షాపులన్నీ మూసి ఉంటాయి, ఇక్కడ పారాసెటమాల్ కూడా మందుల షాపులోనే దొరుకుతుంది. వంతుల ప్రకారం ఆ రోజు తెరిచి ఉండే షాపు ఎక్కడుందో వెతికి, కారులో వెళ్లి మందు తెచ్చారు. మేం డబ్బు తీస్తే నా చెయ్యి పట్టుకుని పర్సు మూయించారు.

ఆ రోజంతా ఆ ఇంట్లోనే ఉన్నాం. ఆ ప్రాంతం పేరు స్టైరియా, గుమ్మడి గింజల నూనెకి ప్రసిద్ధి. సీసాలో చూస్తే నల్లగా కనిపిస్తుంది. తెల్ల పళ్లెంలో పోస్తే అంచున ముదురు ఆకుపచ్చ రంగు తేలుతుంది. వేయించిన పల్లీల లాంటి వాసన. సలాడ్ మీద పోసిచ్చారు. రెండు రోజులుగా ఏదీ సరిగ్గా తినని నా రూమ్‌మేట్ బ్రెడ్డు ముక్కతో పళ్లెం తుడిచి మరీ తింది. అది చూసి ఆవిడ ముఖం వెలిగిపోయింది. జ్వరం సాయంత్రానికే దిగింది. సోమవారం పొద్దున ఆఫీసుకి లేటవుతున్నా, గ్రాజ్ దాటించి, స్లోవేనియా సరిహద్దుకి ముందున్న బంకు దాకా తీసుకొచ్చి దింపారు. అంతటితో ఊరుకోలేదు. అక్కడ ఆగి ఉన్న కార్ల నంబర్ ప్లేట్లు చూసి ఎవరిని అడగాలో నేర్పించారు: ఎల్‌జే అని ఉంటే లుబ్లియానా బండి, ఎంబీ అయితే మారిబోర్‌ది, అది దగ్గర్లోనే ఆగిపోతుంది, ఎల్‌జే కోసమే చూడండి అని. ఎల్‌జే బండి అరగంటలో దొరికింది. చిన్న పిల్లతో వెళ్తున్న కుటుంబం. పాప సీటు ఒక పక్కకి జరిపి, సామానంతా డిక్కీలో మళ్లీ సర్ది మాకు చోటు చేశారు. వాళ్లకీ ఎంతో రుణపడి ఉన్నాం.

ఆపలేకపోయినవాళ్లు కూడా ఉన్నారు. కారు నిండుగా ఉందని చేతులతో చూపించినవాళ్లు, ఈ పక్క ఊరికే అని వేలితో సైగ చేసినవాళ్లు, అద్దం దించి సారీ చెప్పినవాళ్లు. గంటసేపు నిలబడ్డప్పుడు ఆ సైగలే ఓపికనిచ్చాయి.

చాలామంది అడుగుతున్నారు కాబట్టి మా జాగ్రత్తలు కూడా చెప్పేస్తాను. ఇద్దరం ఎప్పుడూ విడిపోలేదు. లైవ్ లొకేషన్ ఇంటికి ఆన్‌లో ఉంచాం. మనసొప్పని బండి ఎక్కలేదు. పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు రెండూ ఒంటి మీదే పెట్టుకున్నాం. జర్మనీలో ప్రభుత్వ ఇన్సూరెన్స్ ఉన్న స్టూడెంట్లు మీ హెల్త్ కార్డు తిప్పి చూడండి, వెనకవైపు ఉన్నదే యూరోపియన్ హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు. అది మాకు అవసరం పడలేదు గానీ, జ్వరం వచ్చిన ఆ రాత్రి అది పర్సులో ఉందన్న ధైర్యం ఉంది. ఇక ఇక్కడ కార్లున్న మన అన్నలకీ అక్కలకీ ఒక్క మాట: ఎవరినైనా ఎక్కించుకుంటే దయచేసి ఊళ్లో దింపకండి, మోటార్‌వే బంకులో దింపండి.

నా రూమ్‌మేట్ ఇప్పుడు పూర్తిగా బావుంది. అడిగినవాళ్లందరికీ థాంక్స్. వాళ్ల అమ్మగారు విజయనగరం నుంచి పంపిన సున్నుండలు నిన్ననే వచ్చాయి. అందులో ఒక డబ్బా గ్రాజ్ ఆవిడ కోసం తీసి పెట్టాం. ఈ నెలలో డ్రెస్డెన్ నుంచి గ్రాజ్ వైపు కారులో వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి, డబ్బా తెచ్చి మీకు అందిస్తాం.